రోజురోజుకీ చిన్నదైన స్వెట్టరు

మొన్నీమధ్య మా అమ్మ జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాస్టరుగారి ప్రార్థన అయిపోయి షామియానా కింద భోజనాలు సాగుతున్నాయి. ఏడాదిన్నర నిండిన నా మనవడు బల్లల మధ్య నుంచి తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి, గోడ వారగా కుర్చీలో కూర్చున్న మా కరుణ అత్తయ్య మోకాళ్లు పట్టుకున్నాడు. ఆవిడ నాన్నకి చెల్లెలు. ఇప్పుడు అరవై దాటాయి. వంగి వాడి చంకల కింద చేతులు వేసింది. అంతలో మా వియ్యపురాలు సుశీలగారు ఎటునుంచి వచ్చారో వచ్చి, వీడికి మంచినీళ్లు పట్టాలండీ అంటూ నవ్వుతూనే వాణ్ణి ఎత్తుకుపోయారు. అత్తయ్య చేతులు కాసేపు అలాగే ఉండి, తర్వాత మెల్లగా ఒళ్లోకి వచ్చాయి. నీళ్ల కోసం కాదని ఆవిడకి తెలుసు. నాకూ తెలుసు. కాసేపటికి సాంబారు బకెట్టు కోసం వంటపాకలోకి వెళ్తే, సుశీలగారు మా అమ్మాయితో అంటున్న మాట చెవిన పడింది. "ఆవిడ ఒళ్లో పెట్టకమ్మా. కన్నబిడ్డని కొండల్లో వదిలేసొచ్చిన మనిషట కదా." మా అమ్మాయి కాదనలేదు. నన్ను చూసి తల దించుకుంది. అంటే ఆ మాట దానికి కొత్త కాదు.

ఆ మాట మొదట వచ్చింది నా నోట్లోంచి. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతున్నాను. ముప్పై ఏళ్లకు పైగా అది మా చుట్టాల ఇళ్లలో, పెళ్లి పందిళ్లలో, ఆస్పత్రి వరండాల్లో తిరిగి నా కూతురి దాకా వచ్చింది, ఇప్పుడు నా మనవడి దాకా వచ్చింది. అందరూ నమ్మేది ఏమిటంటే, కరుణ అత్తయ్య పెళ్లి కాకుండానే కొండ ప్రాంతంలో ఒక మగపిల్లాణ్ణి కన్నదని, వాడి కోసం చాటుగా స్వెట్టరు అల్లుతూ పట్టుబడిందని, అందుకే కాకినాడ సంబంధం తప్పిపోయిందని. ఇందులో స్వెట్టరు ఒక్కటే నిజం. మిగతాది ఎలా తయారైందో నాకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు కాబట్టి నేనే చెప్పాలి.

మా ఇల్లు పాలకొల్లు నుంచి నర్సాపురం వెళ్లే దారిలో, కాలవ గట్టు దిగగానే ఉండేది. నాన్న పోయాక అందులో నాయనమ్మ, అమ్మ, నేను మిగిలాం. పొద్దున్నే కొబ్బరి డొక్కల పొగ, దాని వెనకాల కాఫీ వాసన, కాలవ కట్టేసిన రోజుల్లో ఎండుతున్న బురద వాసన. నాయనమ్మ వరండాలో చాప మీద కూర్చుని లేసు అల్లేది. మా వైపు చాలా ఇళ్లలో ఆడవాళ్లకి వచ్చిన పనే అది. వంకర మొన ఉన్న సూది ఒకటి, తెల్ల నూలు దారం, చూపు ఎటున్నా వేళ్లు ఆగవు. పని ఆపినప్పుడు సూదిని కొప్పులో గుచ్చుకుని, ఆ సంగతి మరిచిపోయి ఇల్లంతా వెతికించేది. అమ్మ సంగతి వేరు. ఆవిడ బియ్యం డబ్బాలో బియ్యాన్ని చదును చేసి, పైన అరచేతి అచ్చు వేసి మూత పెట్టేది. ఎవరైనా గుప్పెడు తీస్తే అచ్చు చెదిరిపోతుంది. కిరసనాయిలు సీసాకి సుద్దముక్కతో గీత. పాలవాడి ముందే ఒక చుక్క గోటి మీద వేసుకుని అది జారే తీరు చూసేది. పనిమనిషి ఎన్నడూ ఏదీ తియ్యలేదు, పాలవాడు నీళ్లు కలిపాడో లేదో ఏ రోజూ తేలలేదు, అయినా ఆ అచ్చు వెయ్యడం మానలేదు. మగదిక్కు లేని ఇంటికి అదొక కాపలా అని ఆవిడ నమ్మకం. నేను దాన్ని అనుమానం అనుకోలేదు. జాగ్రత్త అనుకుంటూ పెరిగాను. ఆ ఇంట్లో నేను నేర్చుకున్న మొదటి విద్య చదువు కాదు, గమనించడం.

అలాంటి ఇంటికి వచ్చింది అత్తయ్య. నీలగిరి కొండల్లో ఒక బడి హాస్టల్లో ఏళ్ల తరబడి వార్డెనుగా పనిచేసి, నాయనమ్మ కళ్లలో శుక్లాలు ముదిరాయని తెలిసి ఉద్యోగం మానుకుని వచ్చేసింది. ముప్పై దాటిన మనిషి, పెళ్లి లేదు. ఒక ట్రంకు పెట్టె, పరుపు చుట్టిన ఒక హోల్డాలు, చింతచిగురు రంగు ఊలు స్వెట్టరు. పగలు కూడా గది తలుపు వేసుకునే అలవాటు ఒకటి తెచ్చుకుంది. మా ఇంట్లో పగటిపూట తలుపు వేశారంటే లోపల ఏదో జరుగుతోందని అర్థం. గదినిండా పిల్లల అల్లరి మధ్య అన్నేళ్లు బతికిన మనిషికి కాసేపు తలుపు మూసుకోవాలనిపించడంలో వింతేముందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం అమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లం.

ఆవిడ వచ్చిన ఏడాది తిరగకుండానే మా చర్చి పెద్ద ఒకాయన కాకినాడ సంబంధం తెచ్చారు. ఆఫీసులో గుమాస్తా, భార్య పోయింది, పసివాడైన కొడుకు ఒకడు ఉన్నాడు. ఆయనా ఆయన అక్కగారూ చూడటానికి వచ్చారు. పిల్లాడికి రొంప చేసిందని తీసుకురాలేదు. ఆయన గారెలు తిని, ప్లేటు తనే పెరట్లోకి పట్టుకెళ్లబోతే నాయనమ్మ కంగారు పడిపోయింది. అత్తయ్య తల వంచుకుని అడిగినవాటికి జవాబులు చెప్పింది. పిల్లాడి గురించి ఒక్క మాట అడగలేదు. వాళ్లు వెళ్లాక అమ్మ ఆ సంగతే పట్టుకుంది. సవతి తల్లిగా వెళ్లే మనిషి పిల్లాడి పేరైనా అడగొద్దా అంది. నలుగురి ముందూ అడిగితే మంచితనం నటించినట్టు ఉంటుందని అత్తయ్య అనుకుందేమో. ఆ ఆలోచన మాకు రాలేదు. ఆవిడకి ఆ పిల్లాడంటే పడదని తేల్చేసుకున్నాం. అయినా రెండు వైపులా ఇష్టపడ్డారు, ప్రధానానికి, అదే నిశ్చితార్థానికి, రోజు చూద్దామన్నారు. నాయనమ్మ ఆ వారమంతా లేసు పక్కన పెట్టి ప్రార్థనలోనే ఉంది. ఆవిడ కళ్లు పూర్తిగా పోకముందే కూతురి పెళ్లి చూడాలి, అదీ ఆవిడ కోరిక.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అత్తయ్య తన మంచి స్వెట్టరుని తనే విప్పడం మొదలుపెట్టింది. ఒక మూల కొస పట్టుకుని లాగుతుంటే వరసలు వరసలుగా ఊడిపోయింది. ఆ దారమంతా వంకీలు వంకీలుగా ఉంటే, కుంకుడు రసంలో ఉతికి, బరువుకి ఇత్తడి చెంబు కట్టి దండెం మీంచి వేలాడదీసింది. ఇల్లంతా తడిసిన గొర్రె వాసన. చక్కగా ఉన్న బట్టని ఎవరైనా విప్పుకుంటారా అని అమ్మ నన్నడిగింది, నాకేదో తెలిసినట్టు. ఉక్కపోతకి మేం చొక్కా కూడా మోయలేని ఊళ్లో ఊలు పట్టుకుని కూర్చున్న మనిషిని చూస్తే నాకూ ఏదోలా ఉంది. మంచు రోజుల్లో పిల్లలకి కోతిటోపీలు, స్వెట్టర్లు వెయ్యడం మాకూ ఉంది గానీ, అవి నర్సాపురం కొట్లో కొనేవి. ఇంట్లో తయారవడం మేం చూడలేదు. పైగా ఇది నాయనమ్మ చేసే అల్లిక లాంటిది కాదు. వంకర మొన లేని రెండు పొడుగు సూదులు, టిక్కుటిక్కుమంటూ ఒకదాన్నొకటి పొడుచుకునేవి. మేం ఆవిడ గది గుమ్మం దగ్గరికి రాగానే ఆ చప్పుడు ఆగిపోయేది. ఊలు కొంగు కిందకి వెళ్లిపోయేది.

ఆవిడ దగ్గర అచ్చేసిన కాగితం ఒకటి ఉండేది, స్వెట్టరు ఎలా అల్లాలో ఇంగ్లీషులో వరస వరసకీ రాసి ఉన్నది. ఆవిడకి తెలిసిన నమూనా అదొక్కటే, పాత స్వెట్టరు కూడా దాన్ని చూసి చేసుకున్నదే. ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నేను ఆ కాగితం చదివాను. కొలతలన్నీ పెద్దవాళ్లవే. సూదుల మీదున్న ముక్కని జానతో కొలిచి చూశాను, నా ఛాతీకి సరిపోయేలా ఉంది. కొండల మీద ఎవరో మగాడున్నాడు అని అమ్మతో చెప్పాను. పెళ్లికొడుక్కేమో అని అమ్మ ఒక నిమిషం ఆలోచించి, ఆయన పొట్టకి అది చాలదురా అంది. పైగా మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. ప్రధానం జరిగి, చర్చిలో పెళ్లి ప్రకటనలు పూర్తయ్యేదాకా ఆడపిల్ల ఆ ఇంటి కోసం ఏదీ కొనదు, ఏదీ చెయ్యదు. తొందరపడితే సంబంధం తప్పుతుందని భయం. తప్పితే నలుగురూ నవ్వుతారని అంతకన్నా భయం. అందుకని మేం కాకినాడ వైపు మళ్లీ చూడనేలేదు. మా చూపు కొండలెక్కింది, ఇక దిగలేదు.

తర్వాత జరిగింది మమ్మల్ని ఇంకా గాభరా పెట్టింది. స్వెట్టరు పెరగడం మానేసి తగ్గడం మొదలుపెట్టింది. ఇవాళ జానెడు ఎదిగిన ముక్క రేపటికి మాయమై, దాని బదులు సన్నటిది కనపడేది. రెండు రోజులకి ఇంకా సన్నటిది. ఆవిడ ఆ కాగితంలో ఉన్నదాన్ని సగానికి తగ్గించి అల్లి, అది సంచిలా వస్తే విప్పి, మళ్లీ తగ్గించి అల్లుతోందని నాకు తట్టలేదు. "ఆడమనిషి చేతిలో ఊలు పెరగాలి గానీ తరగడమేంటిరా," అంది అమ్మ. అది తగ్గేకొద్దీ మా ఊహలోని మనిషి కూడా తగ్గుతూ వచ్చాడు. మొదట మగాడు, తర్వాత బళ్లో చదివే కుర్రాడు, చివరికి పాలు మానని పిల్లాడు. స్వెట్టరు చేతులు నా గుప్పిట్లో పట్టేటంత అయ్యేసరికి అమ్మ మంచం మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడ అనని మాట నేను విన్నాను.

చివరి చిక్కు మెడ దగ్గర వచ్చింది. ఒళ్లు సగం చేస్తే సరిపోయింది, చేతులు సగం కన్నా తగ్గించింది, కానీ మెడ సగం చేస్తే తల దూరదు. చిన్నపిల్లలకి ఒళ్లు ఎంత చిన్నదైనా తల పెద్దదే ఉంటుంది. ఈ సంగతి నాకు పిల్లలు పుట్టాక, వాళ్లకి చొక్కాలు తొడిగేటప్పుడు తెలిసింది. ఆ రోజు మాత్రం తలుపు సందులోంచి చూస్తే, అత్తయ్య ఒక కొబ్బరికాయని ఒళ్లో పెట్టుకుని దానికి స్వెట్టరు తొడుగుతోంది. మెడ పట్టేసింది. గట్టిగా లాగలేదు. రెండు బొటనవేళ్లతో అంచుని కొద్దికొద్దిగా సాగదీస్తూ, నొప్పి పుడుతుందేమోనన్నట్టు, మెల్లమెల్లగా కిందకి దించుతోంది. దూరకపోయేసరికి ఆ కాయ మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చుంది. పిల్లల్ని కనని మనిషి కొబ్బరికాయని అలా పట్టుకోదు అనుకున్నాను నేను. పంతొమ్మిదేళ్లవాడికి తల్లుల గురించి ఏం తెలుసని ఎవరూ నన్ను అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ గొడుగు వేసుకుని రోడ్డు మీద ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్లింది. నేను సైకిలు మీద వెనకాలే వెళ్లి, పక్క కిళ్లీ కొట్టు దగ్గర నిలబడ్డాను. ఆ బూత్ అద్దం తలుపు సరిగ్గా పడదు. ముందు ఏవో కుశలప్రశ్నలు, తర్వాత బాబు ఎలా ఉన్నాడని, తల చుట్టూ దారం పెట్టి కొలవమని. అవతలి మనిషి ఏదో అన్నారు. అత్తయ్య నవ్వింది. ఆ నవ్వు మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు. తర్వాత గొంతు తగ్గించి అంది: "వాడికి నేను అమ్మనని ఇప్పుడే చెప్పకండి." ఆ వెంటనే నర్సాపురం బస్సు వచ్చి ఆగింది. ఆ తర్వాత ఆవిడ ఏమందో నేను వినలేదు. వినాలని కూడా అనిపించలేదు. నాకు కావలసింది దొరికేసింది.

ఇంటికి వచ్చి చెప్తే అమ్మ నాయనమ్మకి తెలియనివ్వొద్దంది. నేను అడుగుతాలే కరుణని, కాస్త ఆగు అంది. ఆ మాట బయటపెట్టింది అమ్మేనని చాలామంది తప్పుపట్టారు, అందుకే రాస్తున్నాను. ఆవిడ ఆగమంది, ఆగనిది నేను. అప్పటికే ప్రధానం జరిగిపోయింది. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారికీ ఫలానా వారికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి అని. పుట్టినప్పటి నుంచీ వింటున్నాను, ఎవరూ లేచిందీ లేదు, లేస్తారని ఎవరూ అనుకున్నదీ లేదు. ఆ ఆదివారం రెండో ప్రకటన. పాస్టరుగారు ఆ మాట నా వైపే చూసి అన్నారనిపించింది. నాన్న లేని ఇంటికి మగదిక్కుని నేనే గదా అనిపించింది. ఆరాధన అయ్యాక పాస్టరుగారింటికి వెళ్లాను. ఆయన లేరు. పాస్టరమ్మగారు గుమ్మంలో మునగాకు దూస్తూ కూర్చున్నారు. ఏంటి బాబూ అన్నారు. "అత్తయ్యకి కొండల్లో ఒక బాబు ఉన్నాడండి," అన్నాను.

ఉన్నాడేమో అనలేదు. ఉన్నాడట అని కూడా అనలేదు. మన భాషలో ఒక్క అక్షరం చాలు, నేను చూడలేదు సుమా అని చెప్పడానికి. ఆ అక్షరాన్ని నేను వదిలేశాను. ఆవిడ మునగాకు పక్కన పెట్టి, నువ్వు చూశావా అని అడిగారు. "నా చెవులారా విన్నానండి," అన్నాను. అది నిజమే. అందుకే అది అంత బాగా పనిచేసింది. తర్వాత ఆ మాట చేతులు మారుతున్నకొద్దీ అందరూ జాగ్రత్తగా 'అట' చేర్చుకున్నారు. ఉన్నాడట, వదిలేసిందట, స్వెట్టరు పంపిందట. ఆ మాట మోసినవాళ్లెవరూ తప్పు మాట్లాడలేదు, విన్నదే చెప్పారు. చూసినట్టు చెప్పింది నేనొక్కణ్ణే.

మూడో ఆదివారం అత్తయ్య లేత నీలం చీర కట్టుకుని ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుంది, పక్కన నాయనమ్మ. పాస్టరుగారు కానుకల సంగతి చెప్పారు, సండేస్కూలు పోటీల సంగతి చెప్పారు, పాట నంబరు చెప్పారు. ప్రకటన చదవలేదు. మరిచిపోయారేమోనని నాయనమ్మ పక్కకి వంగి అత్తయ్య చెవిలో ఏదో అంది. వెనక వరసల్లో తలలు ఒకటొకటిగా తిరిగాయి. అత్తయ్య లేచి నిలబడి అందరితోపాటు పాట పాడింది, చివరి చరణం దాకా. బయటికి వచ్చాక చర్చి పెద్ద నసుగుతూ, కాకినాడ వాళ్లు వద్దనుకుంటున్నారటండి అన్నాడు. కారణం చెప్పలేదు. చెప్పకపోవడమే మర్యాద అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నం ఎవరూ సరిగ్గా తినలేదు. అత్తయ్య వరండాలో కూర్చుని, మొదటిసారి తలుపు వేసుకోకుండా, అందరి ముందూ ఆ స్వెట్టరు ఒళ్లో పెట్టుకుని ఉంది. తల దూరడానికి ఒక భుజం కుట్టకుండా తెరిచి ఉంచింది, అక్కడ గుండీలు పెట్టబోతోంది. అమ్మ చాలాసేపు చూసి అడిగేసింది. "అది ఎవరికమ్మా, కరుణా?"

"కాకినాడ బాబుకి, వదినా. వాడికి మంచు పడదు. చలికాలమంతా ఆయాసమేనంట. వాడి మేనత్తగారు తల కొలత చెప్పారు ఫోన్లో."

అమ్మ నమ్మలేదు. ఇప్పుడు ఏదైనా చెప్పొచ్చు అని గొణిగి లోపలికి వెళ్లిపోయింది. నేను నమ్మాను. బూత్‌లో ఆవిడ అన్న మాట మొత్తం ఆ ఒక్క క్షణంలో తిరగబడి సరైన పక్కకి వచ్చి నిలబడింది. పెళ్లయ్యే వరకూ చెప్పకండి, వాడు నన్ను చూసి అలవాటుపడ్డాక చెబుదురుగాని, ఇలాంటిదేదో అయుంటుంది బస్సు శబ్దంలో పోయిన మిగతా సగం. ఒక ఇంటికి తల్లిగా వెళ్లబోతున్న మనిషి, పట్టింపుకి భయపడి చాటుగా, ఆ ఇంటి పిల్లాడికి వెచ్చగా ఉండటానికి తన స్వెట్టరు విప్పి వాడికి తగ్గించి అల్లింది. అది నాకు అర్థమైన రోజే, ఆ గంటలోనే, నేను నోరు విప్పాల్సింది. విప్పితే నేనే చెప్పానని తేలుతుంది. గుండీలు కుడుతున్న ఆవిడ వేళ్లు చూస్తూ నిలబడ్డాను.

రెండు రోజుల తర్వాత కాకినాడ వెళ్లి ఆ పెళ్లికొడుకు అక్కగారి కాళ్లు పట్టుకుందామని బయల్దేరాను. రావులపాలెంలో బస్సు మారాలి. అరటి గెలలు దించే సైకిళ్ల మధ్య నిలబడి, రామచంద్రపురం మీదుగా వెళ్లే కాకినాడ బస్సు వస్తే చూశాను. కండక్టరు రెండుసార్లు అడిగాడు ఎక్కుతావా అని. అది వెళ్లాక ఇంకోటి వచ్చింది. అదీ వెళ్లింది. చివరికి డజను చక్రకేళీలు కొనుక్కుని ఇంటికి వచ్చేశాను. ఎక్కడికెళ్లావని అమ్మ అడిగితే అరటిపళ్ల కోసం అన్నాను. అత్తయ్య కూడా ఒకటి తింది. బాగున్నాయి అంది. కొన్నాళ్లకి ఆయనకి ఇంకోచోట పెళ్లయిందని తెలిసింది. నాయనమ్మ చూపు ఆ పెళ్లికోసం ఎదురుచూసి ఎదురుచూసి పూర్తిగా పోయింది. ఆ స్వెట్టరు ఏమైందో నేను అడగలేదు, మళ్లీ చూడలేదు.

అత్తయ్య మా ఇంటి వెనక వాటాలోనే ఉండిపోయింది. మా చర్చిలో బాప్తిస్మాల విందులకి ఆవిడని అందరూ పిలుస్తారు, వంటల దగ్గర నిలబెడతారు, బిడ్డని మాత్రం చేతికివ్వరు. ఎవరూ మొహాన ఏమీ అనలేదు, కాబట్టి ఆవిడకి జవాబు చెప్పే అవకాశం కూడా రాలేదు. నా పిల్లల్ని ఎత్తుకుంది గానీ, మా ఆవిడ గదిలో ఉన్నప్పుడే. ఆ కాలం మంచిదని నేను అనను. అమ్మ అరచేతి అచ్చు పోయిన చోట ఇప్పుడు నా గేటు మీద కెమెరా ఉంది. ఆఫీసులో కూర్చుని ఫోన్లో చూసుకుంటాను, కొబ్బరికాయలు ఎవరు ఏరుతున్నారో, కొరియరు కుర్రాడు ఎంతసేపు నిలబడ్డాడో. బొమ్మ కనిపిస్తుంది, మాట సరిగ్గా వినిపించదు. అమ్మ అనుమానం కనీసం ఇల్లు దాటలేదు. నేను దాన్ని ఇంటి బయటికి మోసి, ఒక మనిషి మీద అచ్చు వేశాను.

కూడిక అయిన మర్నాడు ఆవిడ వాటాలోకి వెళ్లి కూర్చుని అంతా చెప్పాను. కిళ్లీ కొట్టు, బస్సు, మునగాకు, అన్నీ. ఆవిడ చిక్కుడుకాయలు తుంచుతూ వింది, మధ్యలో ఆపలేదు. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కళ్లజోడు పైకి తోసుకుని నన్ను చూసింది, అమ్మ పాలచుక్కని చూసినట్టు.

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్? ఏం కావాలి నీకు? ఈ వాటా రాసివ్వమంటావా?"

అదేం లేదత్తయ్యా అన్నాను. ఆవిడ నమ్మినట్టు కనపడలేదు. నమ్మాల్సిన అవసరం ఆవిడకి ఏముంది. మనసు బరువు దించుకుందామని వచ్చానని ఆవిడకి తెలిసిపోయినట్టుంది. అది కూడా ఒకరకంగా ఏదో కావాలని రావడమే.

"ప్రభా, అప్పుడు చెప్పుంటే కాకినాడకి బస్సుండేది. ఇప్పుడు నాకు చెప్పి ఏం లాభం? నాకు పిల్లల్లేరని నాకు తెలీదేంటి. తెలీనివాళ్లకి చెప్పు."

అంతే. చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లి గడియ వేసుకుంది.

ఆ ఆదివారమే సుశీలగారింటికి వెళ్లాను. ఆవిడ కాఫీ, జంతికలు పెట్టారు, మనవడు నేల మీద డబ్బా మూతలతో ఆడుకుంటున్నాడు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నా పేరు ఎక్కడా తప్పించుకోలేదు, అమ్మ మీదకి నెట్టలేదు. ఆవిడ శ్రద్ధగా విన్నారు. కొబ్బరికాయ సంగతి దగ్గర అయ్యో పాపం అన్నారు, ప్రకటన చదవని ఆదివారం దగ్గర కళ్లు ఒత్తుకున్నారు. నేను ఆగాక మనవడి చేతిలోంచి జారిన మూత తీసి వాడికి అందించారు. నాకు ఒళ్లు తేలికపడినట్టు అనిపించింది.

"పోన్లెండి అన్నయ్యగారూ," అన్నారు చివరికి, నా కప్పు తీసుకుంటూ, ఎంతో దయగా. "సొంత మేనత్త కదా. ఆ మాత్రం వెనకేసుకురావాలి. మీరు కాకపోతే ఆవిడకి ఎవరున్నారు."

కప్పు కింద పెట్టండి చెల్లెమ్మగారూ, కూర్చోండి అన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.